సముద్రసభలో నిలబడ్డ పలక

నేను ఒక పేరుపలకను. నల్లటి ప్లాస్టిక్ ముక్క మీద తెల్లటి అక్షరాలతో ‘ఇండియా’ అని చెక్కి, సముద్ర చట్టాలు రాసుకునే ఒక అంతర్జాతీయ సభలో బల్ల మీద పెట్టారు. నన్ను చెక్కిన మిషనుకు ఇండియా ఎక్కడుందో కూడా తెలియదు. అక్షరాల వరసలో ఎవరి పక్కన పడితే వారే మాకు ఇరుగుపొరుగు. మా యజమానులు మొహాలు చూసుకోని రోజుల్లో కూడా మేం పలకలం పక్కపక్కనే హాయిగా పడుకునేవాళ్ళం.

ఆ సభలో ఒక మర్యాద ఉంది. పలక పడుకుని ఉంటే ఆ దేశం ఊరుకున్నట్టు. నిలబెడితే మాట్లాడతానన్నట్టు. ఏ పలకా లేవకపోతే అధ్యక్షుడు చెక్కసుత్తితో టక్కున కొడతాడు, చదివిన వాక్యం ఖాయమైపోతుంది. ఉప్పునీళ్ళలో కాలైనా పెట్టనివాళ్ళు సముద్రానికి గీతలు గీస్తుంటే నాకు నవ్వొచ్చేది.

నా వెనక చాలామందే కూర్చున్నారు. ఒకాయన నాతో విసురుకునేవాడు, ఒకాయన వీపు గోక్కునేవాడు. తర్వాత రాయబారి కొమాండూరి శేషాచార్యులు గారు వచ్చారు. ఆయనకు షుగరు, వేళకు తినాలి. పైగా ఆచారం గల ఇల్లు, తినేటప్పుడు పరాయి కన్ను పడకూడదు. అందుకని విరామంలో హాలు ఖాళీ కాగానే నన్ను నిలబెట్టి, ఆ చాటున చిన్న డబ్బాలోంచి దద్దోజనం తినేవారు. దేశ గౌరవం మోయాల్సిన నేను అలా దద్దోజనానికి తెరనయ్యాను.

ఆయన పక్కన న్యాయ సలహాదారు మైలపల్లి హైమావతి. భీమిలి దగ్గర జాలరిపేట పిల్ల. ఆమె చిన్నాన్న బోటు ఇంజను చెడి, గాలికి పక్కదేశం నీళ్ళలోకి కొట్టుకుపోయింది. వాళ్ళు మనిషిని వదిలారు, బోటును వదల్లేదు. “నన్నొగ్గేసినారు గానీ నా బోటొగ్గనేదే అమ్మా. ఒడ్డున కూకుని నానేటి సేసేది?” అని ఆయన ఏడ్చాడట. అలా కొట్టుకొచ్చిన వాళ్ళను బోటుతో సహా పంపాలన్న ఒక్క వాక్యం కోసం హైమావతి పోరాడుతోంది.

“అమ్మా, పెద్ద విషయాల్లో మనకు ఆ పక్కదేశం మద్దతు కావాలి. బోటు సంగతి వదిలేస్తామని వాళ్ళ రాయబారికి నడవాలో మాటిచ్చాను. నువ్వు పలక ముట్టుకోకమ్మా,” అన్నారు శేషాచార్యులు గారు.

“వదలడానికి అది మన బోటు కాదు కదండీ, సార్,” అంది హైమావతి.

ఆ రోజు పని ముగించాలన్న తొందరలో అధ్యక్షుడు విరామం ఎత్తేశాడు. మనుషులను తిరిగి పంపాలన్న వాక్యం చదువుతున్నాడు. అందులో బోటు ఊసే లేదు. శేషాచార్యులు గారికి నీరసం ముంచుకొచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి నన్ను నిలబెట్టేసింది. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది.

“ఇండియా మాట్లాడవచ్చు,” అన్నాడు అధ్యక్షుడు.

ఒక్క పరాయి కన్ను పడకూడదనుకున్న మనిషి మీద ప్రపంచంలోని కళ్ళన్నీ పడ్డాయి. బుగ్గ నిండా దద్దోజనం. పాపం, కాదు కాదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ చెయ్యి పక్క కుర్చీని చూపిస్తోందనుకున్నాడు అధ్యక్షుడు.

హైమావతి మైకు దగ్గరకు లాక్కుంది. “ఇంజను చెడితే మనిషీ బోటూ ఒకే గాలికి కొట్టుకొస్తాయి. మనిషిది తప్పు కాదని మనమే రాస్తున్నాం. మరి బోటు ఏం తప్పు చేసింది?”

చివరి వరసలో ఒక చిన్న ద్వీపదేశం పలక మద్దతుగా లేచింది. దాని వెంట మరొకటి, ఆపైన ఇంకొన్ని.

“రాయబారి గారూ, ఇది మీ ప్రభుత్వం మాటేనా?” అడిగాడు అధ్యక్షుడు.

ఈలోగా ముద్ద దిగింది. కాదంటే అంతటితో అయిపోతుంది. నడవాలో మాట పుచ్చుకున్న పెద్దమనిషి ఈయన వైపే గుడ్లురిమి చూస్తున్నాడు. నాకు నిజంగా భయమేసింది. శేషాచార్యులు గారు రుమాలుతో పెదాలు తుడుచుకున్నారు.

“మా మాటే,” అన్నారు. తర్వాత హైమావతితో మెల్లగా, “ఆయనకు ఇంక మొహం ఎలా చూపించనమ్మా?” అని వాపోయారు. ఆ ఒక్క వాక్యం కోసం ఇంకో వారం తగువులాడి, చివరికి చట్టంలో చేర్చారు.

కొన్నేళ్ళకు బల్లల మీదికి మీట నొక్కే యంత్రాలొచ్చాయి. మమ్మల్ని అట్టపెట్టెలో పడేశారు. హైమావతి అడిగి మరీ నన్ను తెచ్చుకుంది. ఇప్పుడు జాలరిపేటలో ఆమె ఇంటి కిటికీలో ఉంటున్నాను, సముద్రాన్ని మొదటిసారి చూస్తూ.

ఆమధ్య తుఫానుకు పేట బోటొకటి సరిహద్దు గీత దాటి కొట్టుకుపోయింది. నెలల తరబడి ఇళ్ళలో ఏడుపులే. నిన్న పొద్దున ఆడవాళ్ళు “మావోల్లొచ్చేత్తన్నారు!” అని కేకలేస్తూ ఒడ్డుకు పరిగెత్తారు. హైమావతి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

మనుషులు వచ్చారు. వాళ్ళ బోటు వాళ్ళే నడుపుకుంటూ వచ్చారు.