వెనక గాలి

ఆదివారం పొద్దున ఆ నర్సు నడవాలో సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి చైను తుడుస్తుంటే లోపల్నుంచి అక్క మొదలుపెట్టింది.

"వారమంతా డయాలసిస్ వార్డులో నిలువుకాళ్ళ మీద ఉంటావు. ఇవాళైనా నడుం వాల్చవే."

"వార్డులో వచ్చే అలసట వాళ్ళందరిదీ అక్కా. ఇదొక్కటే నాది."

"బాగానే ఉంది. ముందు తలుపు తియ్యి, నీ గాలి కర్టెన్లు పీకేస్తోంది."

ఆ గాలి రెండేళ్ళ కిందట కొండరోడ్డు మీంచి ఆమె వెంటపడి వచ్చేసింది. మళ్ళీ పోలేదు. తొక్కినంతసేపూ వీపు వెనకే ఉండి తోసేది. ఆదివారాలు కలిసి తొక్కే సైకిల్ జట్టులోవాళ్ళు దాన్నీ ఒక మనిషి కిందే లెక్కేసి, "ఇద్దరూ వచ్చారా?" అని పలకరించేవాళ్ళు.

ఆ రోజు కొండ కింద జట్టు కలిసే చోటికి టైలర్ బాబాయ్ కూడా వచ్చాడు. ముందు పోయేవాళ్ళ చక్రానికి జానెడు దూరంలో బెదరకుండా తొక్కడం ఆమెకి నేర్పింది ఆయనే. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి, ఈమధ్యే లేచాడు.

"ఇవాళ కొండెక్కలేకపోతే సైకిల్ మా అమ్మాయికి ఇచ్చేస్తాను. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళమన్నాను," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

రెండో మలుపులోనే ఆగిపోయి హ్యాండిల్ మీద తల వాల్చేశాడు. మిగతావాళ్ళు అప్పటికే పైకెళ్ళిపోయారు. ఆమె దిగింది.

"నువ్వు పోమ్మా. నా పని అయిపోయింది."

వార్డులో రోజూ వినే మాటే. అక్కడైతే ఏదో ఒకటి సర్దిచెప్పేది. ఇక్కడ వెనక్కి తిరిగి, గాలితో "బాబాయ్‌తో వెళ్ళు," అంది.

గాలి ఆమె మడమల చుట్టూ ఒకసారి తిరిగింది. మరుక్షణం ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇదేం పనమ్మా!" అంటూనే పెడల్ మీద కాలేశాడు. చూస్తుండగానే మలుపు తిరిగిపోయాడు.

ఇన్నాళ్ళకి ఆమెకి తన కాళ్ళ బరువు తెలిసొచ్చింది. ఎంత చిన్న గేరు వేసినా చక్రం మొరాయిస్తోంది. దిగి నడిచింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. జట్టులో బాగా తొక్కేది తానేనని లోలోపల మురిసిపోయింది గుర్తొచ్చి సిగ్గేసింది.

పైకి చేరేసరికి అందరూ టీలు తాగేసి పిట్టగోడ మీద కూర్చున్నారు. బాబాయ్ ఎదురొచ్చాడు.

"తీసుకుపో దీన్ని. పొమ్మంటే పోవట్లేదు."

ఆమె పిలిచింది. గాలి ఆయన భుజం దగ్గరే తచ్చాడింది తప్ప రాలేదు.

"ఉండనీ బాబాయ్," అంటూ రోడ్డు పక్కనే చతికిలపడింది.

ఆయన ఫోను తీసి కూతురికి చేశాడు. "సాయంత్రం రావద్దులేమ్మా. సైకిల్‌తో నాకింకా పనుంది."

వణుకుతున్న పిక్కల్ని రెండు చేతులా పట్టుకుని ఆమె అలాగే కూర్చుంది. లేచే ఓపిక రావడానికి చాలాసేపే పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.