పెట్టెకు పురుడు

తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనుకునే మనిషి అంజమ్మ. అలాంటి మనిషి ఇంట్లో కొక్కెర తెగులు దూరి, పుంజని లేదు పెట్టని లేదు, అన్నింటినీ ఊడ్చుకుపోయింది. పెళ్లినాడు కుప్పం నుంచి ఆవిడ చంకన పెట్టుకుని తెచ్చుకున్న బోడిమెడ కోళ్ల సంతతి అది. ఇక మిగిలింది తెగులుకు కాస్త ముందు ఏరి దాచిన గుడ్లే. పొదగడానికి ఒక్క పెట్ట లేదు.

కోడలు కమలాక్షి మదనపల్లెకు పోయి ఇంక్యుబేటర్ కొనుక్కొచ్చింది.

"పెట్టె యాడన్నా పిల్లల్ని చేస్తాదా మే?" అని అత్త ముక్కు మీద వేలేసుకుంది.

కమలాక్షి ఆ మాటలు చెవిన పెట్టలేదు. ఈ గుడ్లు చెడితే ఆ సంతతి అంతటితో సరి, అత్త మనసు మళ్లీ లేవదు. అందుకే వేడి చూసుకుంటూ, తొట్టిలో నీళ్లు తగ్గకుండా చూసుకుంటూ చంటిబిడ్డలా సాకింది.

గుడ్లలోంచి కిచకిచలు వినబడిన పొద్దున అంజమ్మ దెప్పడం మానేసి, పెట్టె పక్కనే చాప వేసుకుంది. "మూత మాత్రం తియ్యద్దత్తా" అని చెప్పి కమలాక్షి టమోటా కోతకు పోయింది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే పెట్టె అద్దం మీద నీళ్లు ధారకడుతున్నాయి. తేమ మీటరు ఎక్కడికో ఎక్కి కూర్చుంది. పొద్దున అంత గోల చేసిన గుడ్లలో చప్పుడు లేదు. ఒక పెంకు చిల్లులో చిన్న ముక్కు మాత్రం ఊపిరికి కొట్టుకుంటోంది. కమలాక్షి పెట్టె చుట్టూ తిరిగి చూస్తే, గాలి రంధ్రాలన్నింటిలో దూది కుక్కి ఉంది!

"యాల పెట్టినావత్తా ఇది?"

"పురిటి గది కాదా మే! నువ్వు కన్నప్పుడు నీ చెవుల్లో పెట్టలా? బిడ్డలకి గాలి తగలకూడదని..."

నాలుక చివరిదాకా వచ్చిన తిట్టును కమలాక్షి మింగేసింది. ప్రేమతో చేసిన పనికి ఏమని తిడుతుంది? దూదంతా పీకి పారేసింది.

"లోపల బాలింత లేదత్తా, బిడ్డలే ఉండారు. పెంకు పగలగొట్టేటప్పుడే వాళ్లకి గాలి ఎక్కువ కావల్ల."

"అయ్యో, నేనే సంపేస్తినా! మూత తియ్యి, బయటికి లాగేస్తా!"

కమలాక్షి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తీస్తే చెమ్మంతా ఒక్కసారిగా పోతాది. పొర ఎండి ఒంటికి అంటుకుంటే పిల్ల కదల్లేదు. ఓర్సుకో."

అత్తాకోడళ్లు పెట్టె ముందే కూర్చున్నారు. రంధ్రాలు తెరుచుకోవడంతో అద్దం మీది నీరు మెల్లగా ఆరింది, మీటరు దిగివచ్చింది. బయట మిట్టగాలి పొడిగా కొడుతోంది. మీటరు మరీ దిగజారబోతుంటే, కమలాక్షి మూత తీయకుండానే, పెట్టెకు బయట ఉన్న గొట్టంలోంచి గోరువెచ్చని నీళ్లు కాసిని తొట్టిలోకి వదిలింది. మీటరు నిలబడింది.

ఒక గుడ్డులో కిచమంది. ఆ కూత విని ఇంకోటి అందుకుంది. ముక్కు కొట్టుకుంటున్న ఆ మొదటి పిల్లే పెంకును చుట్టూ పొడిచి, ఒక్క తన్ను తన్ని బయటపడింది. తడిసిన ఒళ్లు, ఈక లేని ఎర్రటి మెడ.

"మా కుప్పం కోడే!" అంటూ అంజమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే వీధిలోకి ఉరికి, "మా పెట్టె కనింది, రండమ్మా!" అని కేకలు పెట్టింది.

అందరికంటే ముందు పక్కింటి ప్రమీల పరుగున వచ్చి, అద్దంలోకి చూద్దామని పెట్టెకు ఆనుకుంది. అంజమ్మ ఆమె రెక్క పట్టి లాగింది.

"బొక్కలకి అడ్డం లెయ్యి మే! నా బిడ్డలకి గాలి ఆడద్దా?"