దుప్పటికి రెండో కొస

తడి దుప్పటి వాసన... సబ్బూ ఆవిరీ కలిసిన వాసన.

నా మనవరాలు ఒంటి మీద మోసుకొచ్చే వాసన.

ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం దాని పని. ముప్పై ఏళ్ళు నేనూ అదే చేశాను. పెద్ద దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. ఇటు కొసలు ఒకరివి, అటు కొసలు ఒకరివి. దగ్గరికి నడవాలి. వేళ్ళు తాకాలి.

ఒంటరి చేతులకు దుప్పటి లొంగదు.

మొన్నామధ్య ఒక మంగళవారం, మాసిన దుప్పట్లో ఎవరో మరిచిన సూది దాని వేలికి దిగింది.

ఆవగింజంత రక్తం.

సబ్బుతో కడుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మడతకు జత ఎవరూ రారని.

ఇంట్లో కంచం విడిగా పెట్టుకుంది. నాలుగేళ్ళ కూతురు మెడకు వేలాడబోతే తోసేసింది. పిల్ల ఏడవలేదు. చూసింది... అంతే.

మర్నాడు దండెం దగ్గర రెండో కొస పట్టమన్నాను. చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు చెప్పింది — సూది, హెచ్ఐవి, భయం.

“ముట్టుకోకు అమ్మమ్మా. నీకంటుకుంటుంది.”

“ముట్టుకుంటే అంటుకునేదైతే నేనెప్పుడో పోయుండాలే, పిచ్చిమొహమా. నడువు.”

ఆసుపత్రిలో నర్సమ్మ తిట్టలేదు. మూడు రోజులు దాటకుండా వచ్చారు, ఇంకా ముందే రావాల్సింది అంది. ఆ సూది జబ్బు మనిషిదే అయినా, వెయ్యి పోట్లలో మూడింటికి అంటుకుంటుందేమో అంది. ఇరవై ఎనిమిది రోజుల మాత్రలిచ్చింది. ఒకే కంచంలో తింటే అంటదు, కౌగిలితో అంటదు. మొగుడితో మాత్రం అన్నీ తేలేదాకా కండోమ్ లేకుండా వద్దంది. మనవరాలు నేల చూసింది. నేను కిటికీ చూశాను.

రక్తం తీశారు. జబ్బు లేదని వచ్చింది.

హమ్మయ్య, తేలిపోయిందనుకుని నేను చెప్పులేసుకున్నాను.

“నిన్న వేసిన గింజ ఇవాళే మొలుస్తుందా పెద్దమ్మా? ఆరు వారాలు నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి మళ్ళీ చూడాలి.”

చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాను.

మాత్రలకు వాంతులు. అయినా ఒక్కటీ మానలేదు, మొండిఘటం. ఆరు వారాలకూ లేదన్నారు.

మూడో నెల ఇంకా రావాలి.

ఇవాళ పొద్దున దుప్పటి ఎత్తాను. మనవరాలి వైపు చూడలేదు — చూస్తే పారిపోతుందని.

బరువు తగ్గింది.

అటు కొసలు లేచాయి. దగ్గరికి నడిచింది. వేళ్ళు తాకాయి. దుప్పటి కిందనుంచి పిల్ల దూరి, తల్లి కాళ్ళు చుట్టేసింది.

తోయలేదు.

తడి దుప్పటి వాసన... ఇంకా ఆరలేదు.