గంధం పూసిన తాళాల గుత్తి

నేను ఒక పెన్‌డ్రైవ్‌ను. చిటికెన వేలంత ఉండను గానీ, ఒక ఇంటి గుట్టంతా నా కడుపులో ఉంది. ఏదో దేశపు ఫ్యాక్టరీలో పుట్టి, విజయవాడలో ఒక కొట్టు గోడకు ప్లాస్టిక్ తొడుగులో చాలాకాలం వేలాడాను. మంగళగిరిలో ఫోటో స్టూడియో నడిపే పానకాలరావు నన్ను కొన్నప్పుడు, పెళ్ళి ఫోటోలు మోస్తూ ఊళ్ళు తిరుగుతానని సంబరపడ్డాను. ఆశకైనా హద్దుండాలి.

ఆయన నాలో పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె ఒకటి పెట్టాడు. బ్యాంకుది, కరెంటు బిల్లుది, మెయిల్‌ది, అన్నీ అందులోనే. ఆ పెట్టెను తెరిచే అసలు పాస్‌వర్డ్ మాత్రం ఆయన బుర్రలో ఉంది. నేను మోస్తున్నదేమిటో నేనే చదువుకోలేను. పని కాగానే నా మూత బిగించి, బీరువాలో పెట్టి, ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకునేవాడు. చీకటి, కలరా ఉండల వాసన, మీద పట్టుచీరల బరువు. అదే నా లోకం.

"క్లౌడ్‌లో పెట్టుకో నాన్నా. ఎక్కణ్ణుంచైనా తెరుచుకోవచ్చు," అనేది కూతురు హిమజ.

"మనింటి తాళాలు ముక్కూ మొహం తెలీనోళ్ళింట్లో పెడతామా అమ్మా?"

"పోనీ, ఇంకో కాపీ అన్నా తీసిపెట్టు."

"దొంగకి రెండో తలుపు తెరిచినట్టే గదా!"

ఆ మొండితనానికి నవ్వొచ్చేది. నన్నంతగా నమ్మాడని కాస్త గర్వం కూడా.

ఆ ఏడు ఆయుధపూజకు ఆయన భార్య నాగరత్నం కెమెరాలకు, లైట్లకు, కత్తెరకు బొట్లు పెట్టింది. "ఇంటికంతా ఇదేగా ఆధారం," అంటూ నా మూత తీసి, ఇనుప మూతికి తడి గంధం దట్టంగా పూసి, కుంకుమ అద్ది, కళ్ళకద్దుకుని మళ్ళీ మూత పెట్టింది. నా జన్మలో అంత మర్యాద ఎవరూ చేయలేదు. ఆ మర్యాదే నా గొంతు నొక్కింది.

పండుగ వెళ్ళాక, పశువైద్యం చదవాలని చిన్నప్పటినుంచి కలలు కన్న హిమజ ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకోవాల్సిన ఆఖరి రోజు వచ్చింది. దానికి కావాల్సిన పాస్‌వర్డ్ నా పెట్టెలో ఉంది. సాయంత్రంతో గడువు సరి. పానకాలరావు నన్ను కంప్యూటర్‌కు పెడితే అది నన్ను గుర్తుపట్టలేదు. తీశాడు, ఊదాడు, చొక్కాకు తుడిచాడు. పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే కొత్తది మెయిల్‌కు వస్తుందట. ఆ మెయిల్ పాస్‌వర్డూ నాలోనే ఉంది! అన్నీ భద్రంగా ఉన్నాయని అరవాలనిపించింది. ఎలా అరవను? ఆ పిల్ల మొహం చూస్తూ, నోట్లో గంధంతో ఉండిపోయాను.

"నా చేతులు పడిపోను! దణ్ణం పెట్టుకుందామనే గదండీ పూసింది," అని నాగరత్నం కళ్ళొత్తుకుంది.

హిమజ ఏడవలేదు. స్పిరిటు, పాత టూత్‌బ్రష్షు తెచ్చుకుని నా మూతిని ఓపిగ్గా తోమింది. గడువు ముగిసేలోగా కంప్యూటర్ నన్ను పలకరించింది. సీటూ వచ్చింది.

"నువ్వన్నట్టే కానియ్యమ్మా," అన్నాడు పానకాలరావు.

కాలేజీకి వెళ్ళేముందు హిమజ అన్నిటినీ క్లౌడ్‌లోకి చేర్చింది. పనిలో పనిగా పాస్‌వర్డ్‌లన్నీ మార్చేసింది. ఇక నాకు విడుదలే అనుకున్నాను. పాత సామాన్లవాడి కేక వీధిలో వినబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది.

"అందులోవి ఇంక దేనికీ పనికిరావు నాన్నా," అని హిమజ చెప్పింది కూడా. ఆయన బుద్ధిగా తలూపాడు. నా మూత గట్టిగా బిగించాడు. బీరువాలో పెట్టి తాళం వేసి, పడిందో లేదోనని ఒకసారి లాగి చూసుకున్నాడు.