అత్తయ్యకు చెప్పిన అర్థం

నేను ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తాను. ఉదాహరణ వాక్యం రాయగానే సంబరపడిపోకూడదని అక్కడ కట్టుబాటు. అసలు మాట ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించాలి. వాళ్ళు అదే మాటతో పూరిస్తే వాక్యం నిలిచినట్టు. మా ఇంట్లో ఆ పరీక్షకు కూర్చునేది, అదే, పడుకునేది, అత్తయ్య.

తుంటి విరిగి మంచాన పడ్డా ఆవిడ నోటికి మాత్రం ఏమీ కాలేదు. స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నా తప్పు ఒకటైనా పట్టందే ఆవిడకు కాఫీ దిగదు. మళ్ళీ నడుస్తానని ఆవిడ నమ్మకం. ఇక నడవడం కల్ల అని డాక్టరు మాకు చెప్పేశాడు. "అమ్మ తట్టుకోలేదు, నోరు జారకు" అని మా ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు. రోజూ ఆవిడ కాళ్ళకు నూనె రాస్తూ, ఇవాళ కాస్త బలం వచ్చిందని అబద్ధమాడటం నా వంతయింది. ఆయన మీద ఒళ్ళు మండిపోయేది.

ఆ సాయంత్రం కాళ్ళు రుద్దుతూనే వాక్యం చదివాను. "మేనేజరు గారి డ్యాష్ ప్రసంగానికి అందరూ ఆవులించారు. డ్యాష్‌లో ఏ ఇంగ్లీషు మాట వస్తుంది?"

"ఎండ్‌లెస్," అంది అత్తయ్య ఠక్కున.

"కాదు, ఇంటర్మినబుల్."

"రెండూ ఒకటేగా!"

టీచరుకే పాఠం చెప్పే అవకాశం. వదులుతానా?

"ఎండ్‌లెస్ అంటే ఉత్త అంతులేనిదే, అత్తయ్యా. ఆకాశానికీ వాడొచ్చు, ప్రేమకీ వాడొచ్చు. ఇంటర్మినబుల్‌లో విసుగుంది. ఇది ఎప్పుడు వదులుతుందిరా బాబూ అని ఎవరికో ప్రాణం విసిగిపోతుంటేనే ఆ మాట పడుతుంది."

ఆవిడ కాసేపు నా చేతుల వంక చూసింది.

"అయితే నా ఈ మంచం బతుక్కి ఏ మాట వాడతావే?"

విసుగన్న మాట ఆవిడ మీద పడకూడదు, అంతవరకే ఆలోచించాను.

"ఎండ్‌లెస్సే, అత్తయ్యా! ఇంకోటి ఎలా అంటాను?"

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు.

"అంతులేనిది," అంది అత్తయ్య మెల్లగా. "నీకు విసుగు లేదు. దీనికి అంతూ లేదు."

ఏదో ఒకటి సర్దిచెప్పబోయాను.

"డాక్టరు ఎప్పుడు చెప్పాడు?"

"ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నా చేతుల్లోంచి కాలు వెనక్కి లాక్కోవాలని చూసింది. అది కదల్లేదు. నేనే చేతులు తీసేశాను.