నీలం చెక్క

భూకంపానికి ఊరంతా ఊగిపోయిన ఆ మధ్యాహ్నం కుమెజిరో ముందుగా చెక్కల్ని బయటికి చేరవేశాడు. అతన్ని తప్పుపట్టలేను. హోంజో పేటలో మా బతుకే అది. అతను చెర్రీ చెక్కల మీద బొమ్మలు చెక్కేవాడు, నేను వాటికి రంగు పూసి కాగితం మీద అచ్చు తీసేవాణ్ణి. ఒక్కో బొమ్మకి గీతలకో చెక్క, ప్రతి రంగుకీ మరో చెక్క. వానలో, మంచులో, సాయంకాలపు ఎండలో సుమిదా నది బొమ్మలు చెక్కుతూనే అతని తల నెరిసింది.

కూలిన ఇళ్లలో లేచిన మంటలు మా వీధి చివరికొచ్చేసరికి అతను చెక్కల్ని తోపుడుబండి మీదికెత్తాడు. అతని భార్య ఒటామి బండికి అడ్డం నిలబడింది.

“వదిలెయ్యవయ్యా వాటిని! చేతులుంటే మళ్లీ చెక్కుకోవచ్చు.”

“నీకేం తెలుసే! మళ్లీ చెక్కితే ఇలా వస్తాయా? మాట్లాడకుండా వెనకనుంచి తొయ్యి.”

తిట్టుకుంటూనే తోసింది.

వంతెన మీద జనం కిక్కిరిసి ఉన్నారు. గాలికి నిప్పురవ్వలు వానలా పడ్డాయి. ఎండిన చెక్క కదా, బండి భగ్గుమంది. “మమ్మల్నందర్నీ కాల్చేస్తావుట్రా, ముసలి పీనుగా!” అని అరుస్తూ జనం బండిని నదిలోకి పడదోశారు. అప్పటికే ఒటామి బట్టలంటుకున్నాయి. ఆమె దూకింది. వెనకే అతనూ దూకాడు. పొగలో ఏదో చేతికి తగిలితే వాటేసుకున్నాడు.

తెల్లవారి ఒడ్డున నాకు కనబడ్డప్పుడూ దాన్ని వదల్లేదు. అది నదికి నీలం అద్దే చెక్క.

ఒటామి శవం దొరకలేదు.

చలికాలంలో పుస్తకాల వ్యాపారి హొరికోషి మా రేకుల పాకకి వచ్చాడు. “పాత నది బొమ్మలకోసం జనం ఎగబడుతున్నారు కుమె గారూ. మళ్లీ మొదలుపెట్టండి. మీకు తప్ప ఎవరికొచ్చు?”

కుమెజిరో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మనిషి విసిగి వెళ్లిపోయాక నేనుండబట్టలేక అడిగాను.

“ఎందుకురా కాదన్నావు? నీ చేతులు బాగానే ఉన్నాయిగా?”

“బాగానే ఉన్నాయి. అదే కదరా నా ఏడుపు. మళ్లీ చెక్కగలిగానంటే ఒటామి మాటే నిజం. మరి దాన్ని దేనికి చంపుకున్నట్టు?”

పొయ్యి ఎగదోశాను.

ఓ రోజు, నేను అడక్కుండానే, ఆ చెక్కతో ఒక్క అచ్చు తీసిపెట్టమన్నాడు. తీశాను. ఒడ్డు లేదు, వంతెన లేదు, పడవ లేదు. కాగితం మీద నీలం మాత్రమే. దాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. మడిచి పొయ్యిలో వేసి, చెక్కని కూడా వేశాడు. తడిసి ఆరిన చెక్క, అంత త్వరగా అంటుకోలేదు.

వసంతంలో పాక విడిచి వెళ్లి, కొత్త ఇనుప వంతెనకి కంకర మోసే కూలీల్లో చేరాడు. వేళ్లు వాచి, బిగుసుకుని, ఇప్పుడతనికి గంటె పట్టుకోవడమూ కష్టమే. నేను మందుల పొట్లాలకి కాగితాలు అచ్చు వేస్తున్నాను. దారిలో ఎదురైతే తల వంచుతాడు, అంతే. నది వైపు మాత్రం కన్నెత్తి చూడడు.