దస్తగిరి తూటు

పొద్దున మిల్లు ఆఫీసు తలుపు తీయగానే గౌస్ చేసే మొదటి పని కంప్యూటరు మీద పడిన దూది నూగు దులపడం. ఆదోనిలో జిన్నింగు మిల్లంటే టీ గ్లాసులో కూడా దూదే తేలుతుంది. తర్వాత మీట నొక్కి, పెట్టె మేలుకునేదాకా బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు. ఎనభై ఆరులో యజమాని గఫూర్ సాబ్ దాన్ని బెంగుళూరు నుంచి తెప్పించినప్పుడు ఒక టీతో సరిపోయేది. రెండేళ్లు తిరిగేసరికి టీ తాగి, బీడీ కాల్చి, పేపరు మొత్తం చదివినా తెర నల్లగానే ఉండేది.

కారణం మిల్లులో అందరికీ తెలుసు. ఆ పెట్టెకు ఏ వస్తువు తగిలించినా, తీసేశాక కూడా దాని తూటు వెనకవైపు అలాగే ఉండిపోయేది. కంటికి కనపడదు, వేలికి దొరుకుతుంది. వేలు పెడితే ఆ వస్తువు ఇప్పుడు ఎక్కడుందో అక్కడి గాలి తగిలేది. పాత ప్రింటరును బళ్లారిలో పాత సామాన్ల కొట్టుకు అమ్మేశాక, బళ్లారిలో వాన పడుతోందో లేదో హమాలీలు దాని తూటులో వేలు పెట్టి చూసుకునేవాళ్లు. పొద్దున మీట నొక్కగానే పెట్టె ప్రతి తూటునూ పేరుపేరునా పలకరించి, బదులు కోసం కాచుకునేది. ఆలస్యమంతా అక్కడే.

వాడనివన్నీ మూసెయ్యమని బెంగుళూరు ఇంజనీరు ట్రంకాల్లో చెప్పాడు. దేంతో మూయాలో చెప్పలేదు. మిల్లులో చేతికందేది దూదే కాబట్టి గౌస్ తడి దూదిని ఉండలు చుట్టి ఒక్కొక్క తూటులో కుక్కాడు. చివరికి ఒకటే మిగిలింది. అది తమ్ముడు దస్తగిరి టేపురికార్డరుది.

మొదట్లో పత్తి లెక్కలన్నీ క్యాసెట్లలోనే దాచేవాళ్లు. టేపురికార్డరు దస్తగిరిది కావడంతో, దాంతోపాటు వాడికీ మిల్లులో పని దొరికింది. పోయిన సీజను చివర గౌస్ పరధ్యానంగా టేపురికార్డరు ఎర్రమీట నొక్కి సీజను లెక్కలు మొత్తం చెరిపేశాడు. గఫూర్ సాబ్ వచ్చీ రాగానే దస్తగిరి మీద విరుచుకుపడ్డాడు. టేపు వాడిదే కదా. మీట ఎవరు నొక్కారో దస్తగిరి కళ్లారా చూశాడు. అన్నే చెబుతాడని అతని వైపు తిరిగి నిలబడ్డాడు. గౌస్ తల వంచుకుని కీబోర్డు తుడిచాడు. దస్తగిరి టేపురికార్డరు చంకన పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, అక్కడొక మగ్గాల ఇంట్లో పనికి కుదిరాడు. గంటసేపు ప్రయాణం, అయినా మళ్లీ ఇంటి గడప తొక్కలేదు.

ఆ తూటులోంచి మగ్గాల చప్పుడు వచ్చేది. మధ్యమధ్యలో దస్తగిరి దగ్గు, పనిలో వాడు తీసే కూనిరాగం. గౌస్ రోజంతా దాని ఎదుటే కూర్చుని లెక్కలు కొట్టాలి. కూనిరాగం ఆగినప్పుడల్లా ఇప్పుడు నా పేరెత్తి తిడతాడేమోనని లెక్క కొట్టే వేలు ఆగిపోయేది. వాడు ఒక్కరోజూ తిట్టలేదు. అదే గౌస్‌కు భరించరానిదైపోయింది. ఇంజనీరు చెప్పాడు కదా అని తనకు తాను చెప్పుకుని, మిగతావాటికంటే పెద్ద ఉండ చుట్టి, బొటనవేలితో లోపలికి అదిమేశాడు. మర్నాడు టీ సగం కాకముందే పెట్టె మేలుకుంది. గఫూర్ సాబ్ మెచ్చుకుని భుజం తట్టాడు.

ఆ వారమే తల్లి మరియంబీ సజ్జరొట్టెలు కట్టుకుని చిన్నకొడుకును చూడ్డానికి ఎమ్మిగనూరు పోయి వచ్చింది. వచ్చి గడప మీదే కూలబడింది.

"పిల్లోనికి సెవులు ఇనపడ్డం లేదు గౌసూ. ఎనక నుంచి పిలిస్తే తిరగలేదు. ముందర నిలబడితే నా నోటినే సూస్తా ఉన్నాడు. మగ్గం సప్పుడు ఇనపడనోడు నాకొద్దంటాండాడు ఆ యజమాని."

సెవుల్లో దూది కుక్కినట్టుంది అన్నాడట దస్తగిరి. ఆమె వెలుతురులోకి తిప్పి చూసింది, ఏమీ కనపడలేదు. మరియంబీ దూది ఏకే ఇంట్లో పుట్టిన మనిషి. తన చెవి తమ్మె పట్టుకుని, తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "బతికినోళ్ల సెవుల్లో దూది యాడన్నా పెడతారా? సచ్చినోళ్లకు గదా పెట్టేది."

గౌస్ తన వేళ్లు చూసుకున్నాడు. నాయన పోయినప్పుడు ఆయన చెవుల్లో దూది పెట్టింది ఈ వేళ్లే. బతికున్న తమ్ముడికీ ఈ వేళ్లే పెట్టాయి.

మర్నాడు శుక్రవారం. అందరూ నమాజుకు పోయాక గౌస్ ఒక్కడే ఆఫీసుకు వచ్చి ఆ ఉండను లాగేశాడు. దూది వచ్చింది గాని తూటు లేదు. కమ్మ తీసేసిన చెవి పూడిపోయినట్టు పూడిపోయింది. ఎంత తడిమినా నున్నటి రేకే. అతనికి ఏడుపొచ్చింది. చివరికి మోకాళ్ల మీద కూర్చుని ఆ రేకుకు నోరు ఆనించాడు.

"దస్తగిరీ, ఆ మీట నేను నొక్కినా."

గఫూర్ సాబ్ మసీదులో ఉన్నాడు కాబట్టి ఆ మాట అనడం అంత కష్టం కాలేదు. పెదవులకు వెచ్చటి గాలి తగిలింది. వెనకాలే మగ్గాల చప్పుడు.

సాయంత్రం బస్సు దిగి దస్తగిరి నేరుగా ఆఫీసుకే వచ్చాడు. గఫూర్ సాబ్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. దస్తగిరి టేపురికార్డరు బల్ల మీద పెట్టి అన్న ఎదుట నిలబడ్డాడు.

"మద్యాన్నం నువ్వేందో అంటివన్నా. ఈడ ఇంకోసారి సెప్పు."

గౌస్ కీబోర్డు తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ కింద పెట్టాడు.

"సాబ్, ఆ పొద్దు లెక్కలు సెరిపింది నేను. వాడు కాదు."

గఫూర్ సాబ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత గౌస్‌ను లేవమని, దస్తగిరిని కంప్యూటరు ముందున్న ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. దస్తగిరి చూడకుండానే చెయ్యి వెనక్కి పోనిచ్చి, మళ్లీ తెరుచుకున్న తన తూటు వెతికి వైరు గుచ్చాడు. గౌస్ ఎమ్మిగనూరు పోయి, తమ్ముడు ఖాళీ చేసిన మగ్గాల ఇంట్లో నూలు కండెలు చుట్టే పనికి కుదిరాడు.

తన తూటు పక్కనే, గౌస్ నోరు ఆనించిన చోట అన్న పేరిట ఇంకో తూటు పడిందని దస్తగిరి మర్నాడే కనిపెట్టాడు. దానివల్ల పెట్టె మేలుకోవడం మళ్లీ ఆలస్యమైంది. మూసెయ్యమని ఇంజనీరు రెండుసార్లు ఫోను చేశాడు. గది నిండా దూది ఉన్నా దస్తగిరి మూయలేదు. రోజూ మీట నొక్కి, పెట్టె అన్నను పలకరించి బదులు తెచ్చుకునేదాకా బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు.